బీజగణిత మెవరి సొత్తు?

నాగలి దున్నువాని కుమారునకు, మగ్గము నేయువాని కుమార్తెకు బీజగణితమేల? ఈ ప్రశ్న మర్యాదస్థుల నోట తరచుగ వినవచ్చుచున్నది. పిల్లలపై కనికరముతోడనే అడుగుచున్నారు. లెక్కలన్న పిల్లలు హడలిపోవుచున్నారు, పరీక్షలు తప్పుచున్నారు, బడి మానుచున్నారు. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము, కొంచెము వడ్డీలెక్క వచ్చిన జీవయాత్రకు చాలును. అక్షరములతో చేయు లెక్కను ఇంజనీరు కాదలచినవానికి విడిచిపెట్టి, ఆఱు మొదలు ఎనిమిదివఱకు గల తరగతులలో దానిని ఇచ్చవచ్చినవారు చదువుకొను విషయముగ చేయుట మేలు. ఇదియే వారి వాదము. ఇందలి కనికరమును మేము శంకింపము. కాని కనికరముతో వ్రాసిన పత్రముచేతగూడ ఆస్తి అన్యాక్రాంతము కావచ్చునని కచ్చేరి మొగము చూచినవారి కెవరికిని చెప్పనక్కఱలేదు. ఇచ్చట అన్యాక్రాంతము కానున్న ఆస్తి బీదవాని బిడ్డది. కావున మేము మాటాడక తప్పదు.

మా అభిప్రాయమును మొదటనే చెప్పెదము. ఎనిమిదవ తరగతి ముగియు లోపల ఈ దేశమున ప్రతి బాలుడును, ప్రతి బాలికయు బీజగణితమును నేర్చియుండవలయును. అది ఇష్టవిషయము కారాదు. ఏ తెలివిపరీక్షయు, ఏ తండ్రి వృత్తియు, ఏ ఉపాధ్యాయుని జాలియు బిడ్డను దానినుండి తప్పింపరాదు.

ఈ వివాదము నేడు పుట్టినది కాదు. మన ఉన్నత పాఠశాలలలో నొకప్పుడు జనరల్ గణితమనియు, కాంపోజిట్ గణితమనియు రెండు త్రోవలుండెడివి. మొదటి త్రోవను పోయినవానికి శాస్త్రవిద్యల ద్వారము మూసికొనిపోయెడిది. తాను త్రోవ నెన్నుకొనుచున్నానని పదుమూడేండ్ల బాలు డనుకొనెను గాని, వానికొఱకు ఎన్నుకొన్నది వాని యింటి పరిస్థితియే. 1966లో నివేదిక నిచ్చిన కొఠారీ సంఘము మొదటి పదియేండ్ల చదువులో గణితము అందఱకును విధిగ నుండవలయునని సిఫారసు చేసినది. అటుపిమ్మట రెండు త్రోవలు క్రమముగ నొకటైనవి. కాని పాత ఊహ చావలేదు. 2017లో బొంబాయి హైకోర్టు, చదువుటకు కష్టపడు బిడ్డల వ్యాజ్యమును విచారించుచు, గణితమును ఇష్టవిషయముగ చేయవచ్చునేమో ఆలోచింపుడని విద్యాధికారుల నడిగెను. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2020వ సంవత్సరపు పదవ తరగతి పరీక్షనుండి గణితమున తేలిక పత్రమొకటి, గట్టి పత్రమొకటి ఏర్పఱచినది. పదునాఱేండ్లవాడు తన త్రోవను ఎన్నుకొనుటలో కొంత న్యాయమున్నదేమో! దానిపై మేము నేడు కలహింపము. కాని ఆ చీలిక ఎనిమిదవ తరగతికి, ఆఱవ తరగతికి దిగివచ్చుట మాత్రము సహింపరాని విషయము. రెండు తెలుగు రాష్ట్రములందును ఏండ్లతరబడి ఆఱవ తరగతియందే బీజగణిత పరిచయము చేయబడుచు వచ్చినది. ఆ పాదును పెఱికివేయరాదనుటయే మా మనవి.

ఎనిమిదవ తరగతినే ఏల పట్టుకొని వ్రేలాడుచున్నారని మమ్ము అడుగవచ్చును. రాజ్యాంగమే ఆ గీత గీచినది గనుక. 2002వ సంవత్సరపు సవరణచే 21-ఎ అధికరణము పుట్టినది. దాని ననుసరించి 2009లో విద్యాహక్కు చట్టము వెలసి, 2010 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకు, ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు చదువు ఉచితము, నిర్బంధము. ఆపైన చట్టము చేయి వదలివేయును. బిడ్డ పొలమునకు పోవచ్చును, మగ్గముకడ కూర్చుండవచ్చును, పెండ్లిపీటలవైపు నెట్టబడవచ్చును. దేశము తన బిడ్డల నందఱను ఒక్క కప్పుక్రింద కూర్చుండబెట్టగలుగు కాలము ఆ ఎనిమిదేండ్లే. ఆ కాలమున ఏది చెప్పబడునో అది జాతి కంతకును సొత్తు. ఏది తరువాతికి త్రోయబడునో అది చదువు కొనగలవారి సొత్తు. బీజగణితమును తొమ్మిదవ తరగతికి త్రోయుట కేవలము ఒక సంవత్సరపు ఆలస్యము కాదు. చట్టపు హద్దుకు ఆవల పారవేయుట.

ఇక, అది లేకున్న బీదవానికి వచ్చు నష్టమేమి? చూపెదము.

వృత్తివశమున అప్పుపత్రములు మా యెదుటికి వచ్చుచుండును. ఒకనాడు పొదుపు సంఘపు స్త్రీ యొకర్తు ఒక పత్రమును తెచ్చి చూపినది. పదివేల రూపాయల అప్పు. సంవత్సరమునకు నూటికి పండ్రెండు వడ్డీ. నెలకొక వాయిదా చొప్పున పండ్రెండు వాయిదాలు. మొత్తము చెల్లింపవలసినది 11,200 రూపాయలు. వాయిదా 933 రూపాయల చిల్లర. ఆమె అంకగణితమున దిట్టరి. మేము కాగితము తీయకముందే లెక్క నోటితో చెప్పినది. పదివేలపై నూటికి పండ్రెండు, పండ్రెండువందలు; తప్పేమియు లేదు, న్యాయమైన వడ్డీ అని సంతోషించినది. అంకగణితము ఆమెకు చేయగలిగిన సహాయము అంతటితో సరి.

కాని ఆమె పదివేలను సంవత్సరమంతయు అనుభవించినదా? మొదటి నెల మాత్రమే పదివేలు ఆమె చేతనున్నవి. నెలకు 833 రూపాయల చొప్పున అసలు తీరిపోవుచుండగా, కడపటి నెలలో ఆమె వాడుకొన్నది 833 రూపాయలే. అసలును పండ్రెండు భాగములు చేసిన, మొదటి నెల పండ్రెండు భాగములు, రెండవ నెల పదునొకండు, ఇట్లు తగ్గుచు తుదినెల ఒక భాగము. అన్నియు కూడిన 78. దానిని పండ్రెండు నెలలకు పంచిన, సగటున ఆఱున్నర భాగములు. అనగా 5,416 రూపాయలు. ఆమె వాడుకొన్న సొమ్మది. చెల్లించిన వడ్డీ 1,200. నూటికి పండ్రెండని నోట పలికిన వడ్డీ నిజమునకు నూటికి ఇరువదిరెండు! అణా పైసలతో సూక్ష్మముగ గట్టినను ఇంచుమించు ఇరువదొకటిన్నర యగును.

ఇదియు అంకగణితమే కదా యందురేమో. ఈ యొక్క పత్రమువఱకు అంకగణితమే. రేపు మఱియొకడు ఇరువదినాలుగు వాయిదాల పత్రము తెచ్చును. ఎల్లుండి వేఱొకడు నలువది వారముల పత్రము తెచ్చును. ప్రతిమాఱును మొదటినుండి కూడికలు కూడుచు కూర్చుండవలసినదేనా? వాయిదాల సంఖ్య ఎంతయైనను సరే, దానికి 'న' యని పేరు పెట్టుడు. చెప్పిన వడ్డీని రెండు 'న'లచే గుణించి, 'న'కు ఒకటి కలుపగా వచ్చినదానిచే భాగింపుడు. నిజమైన వడ్డీ ఇంచుమించుగ మీ యెదుట నిలుచును. పండ్రెండు వాయిదాలకు ఇరువదిరెండు. ఇరువదినాలుగు వాయిదాలకు ఇరువదిమూడు. వాయిదాలు పెరిగినకొలది ఆ సంఖ్య చెప్పిన వడ్డీకి రెట్టింపు దరికి పోవునుగాని రెట్టింపును తాకదని గూడ ఆ యొక్క పంక్తియే చెప్పును. అంకగణితము ఒక పత్రమునకు జవాబు చెప్పును. బీజగణితము ఇంతవఱకు వ్రాయబడిన పత్రములకు, ఇకముందు వ్రాయబడు పత్రములకు సైతము జవాబు చెప్పును. ఆ పంక్తి ఏడవ తరగతి బాలికకు అందనంత ఎత్తున లేదు. దానిని ఆమె కందకుండ చేసినచో లాభపడువా డెవడో చదువరులే యోచింపుడు.

ఆంధ్రదేశమునకు ఇది పుస్తకముల కథ కాదు. సూక్ష్మరుణ సంస్థల వాయిదాలక్రింద పల్లెలు నలిగి, ఆత్మహత్యలవఱకు పోగా, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. వడ్డీ అసలును మించరాదను పూర్వపు ధర్మమును చట్టమున మరల వ్రాయవలసివచ్చినది. చట్టము మంచిదే. కాని ఇల్లు కాలిన పిమ్మట చట్టము వచ్చును. సంతకము చేయుటకు ముందు రక్షించునది సంతకము చేయువాని బుద్ధియే.

కొందఱు మఱియొక మాట చెప్పుదురు: ఈ అక్షరముల లెక్క తెల్లవారు తెచ్చిన విద్య, మన పల్లెకు పొసగదని. ఇంతకంటె పొరపాటు లేదు. 628లో బ్రహ్మగుప్తుడు, కలిమికి ధనమనియు, అప్పునకు ఋణమనియు పేర్లిడి, ఆ రెండింటి సంకలన వ్యవకలనములకు సూత్రములు కట్టెను. నేటికిని మన బడిలో ధనసంఖ్య, ఋణసంఖ్య యనియే చెప్పుచున్నాము. బీదవాని అప్పే గణితశాస్త్రమునకు మాట నిచ్చినది! పండ్రెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు బీజగణితమను పేరనే గ్రంథము రచించెను. తెలియని రాశికి యావత్తావత్తని పేరు. తెలియనివి పెక్కైనచో కాలకము, నీలకము, పీతకమని రంగుల పేర్లు. ఐరోపావారు ఈ శాస్త్రమునకు పెట్టుకొన్న పేరు సైతము అరబ్బీ భాషనుండి వచ్చినదే. మన తెనుగున, పదునొకండవ శతాబ్దివాడని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలోనికి తెచ్చెను. అసలును వడ్డీయు కలిసిన మొత్తమునుండి అసలెంత, వడ్డీ యెంత యని విడదీయు విధములు ఆ మహావీరుని గ్రంథమునం దున్నవి. వేయేండ్లక్రిందట ఒక తెలుగుకవి తెలుగువానికి ఇది పనికివచ్చునని తలచి పద్యము కట్టగా, నేటి విద్యావంతులు పనికిరాదని తీర్పు చెప్పుచున్నారు!

బాపూజీ నూతన విద్యావిధానమును సాక్షికి పిలుచువారు గలరు. చేతిపనియే చదువు, ఈ గాలిలెక్క లెందుకని వారి ప్రశ్న. వారెన్నడైన నూలు వడికినారా? 840 గజముల చిలపలు ఎన్ని కలిసిన ఒక పౌను తూగునో అది నూలునంబరు. ఇరువదవ నంబరు నూలు పౌను బరువున 16,800 గజములు వచ్చును. పొడవు, బరువు, నంబరు: ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినను మూడవది తెలియును. కదురు త్రిప్పు బాలుడు దినదినము ఒక సమీకరణమును చేతబట్టుకొని కూర్చున్నాడు; దానికి పేరు చెప్పువాడు లేక అది వానికి మూగపనియై పోవుచున్నది. చేతిపనికి బీజగణితము శత్రువు కాదు, నాలుక.

ఇక ప్రతివాదుల గట్టివాదమును దాచిపెట్టము. 2024వ సంవత్సరపు అసర్ సర్వే ప్రకారము గ్రామములలో ఎనిమిదవ తరగతి బిడ్డలలో సగమునకు తక్కువమందియే మూడంకెల సంఖ్యను ఒక అంకెచే భాగింపగలిగిరి. భాగహారము రానివానికి బీజగణితమా యని అడుగుదురు. అమెరికాను గూడ చూపుదురు. చికాగో నగరమున 1997లో తొమ్మిదవ తరగతి వారికందఱకును బీజగణితమును నిర్బంధము చేయగా, తప్పినవారి సంఖ్య పెరిగినదే గాని విద్య పెరుగలేదని పరిశోధకులు తేల్చిరి. నిజమే. ఆ సాక్ష్యమును మేము కాదనము. కాని అది రుజువు చేయున దేమి? సన్నాహము లేని నిర్బంధము వ్యర్థమని మాత్రమే. బావి త్రవ్వక చేద వేసినవాడు నీరు రాలేదని దప్పికను నిషేధింపవచ్చునా?

అమెరికాలోనే రెండవ సాక్షి యున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 2014లో సమానత్వము పేరిట ఎనిమిదవ తరగతినుండి బీజగణితమును తీసివేసి, అందఱకును తొమ్మిదవ తరగతిలో చెప్పుదమనిరి. ధనమున్నవారు బడివెలుపల దానిని కొనుక్కొనిరి. లేనివారు వేచియుండిరి. కోరిన సమానత్వము చేకూరలేదు. 2024 మార్చిలో ఆ నగర పౌరులు అత్యధిక సంఖ్యతో ఎనిమిదవ తరగతిలో దానిని మరల పెట్టవలయునని వోటు చేసిరి. ఆ దేశముననే రాబర్టు మోజెస్ అను నీగ్రోజాతి నాయకుడు, 1960 ప్రాంతముల మిసిసిపీ రాష్ట్రమున తనవారిని వోటరుల పట్టికలలో చేర్చుటకు దెబ్బలు తిన్నవాడు, 1982లో బీదబిడ్డలకు బీజగణితము నేర్పు ఉద్యమమును ఆరంభించెను. వోటుహక్కు వంటిదే ఇదియు నని ఆతడు జీవితాంతమును వాదించెను. హక్కుల పోరాటమున పండిన ఆ మనుష్యుడు ఈ హక్కును ఎంచుకొనుటలో మనకు పాఠ మున్నది.

భాగహారము రాని బిడ్డ కేమి చేయవలయును? భాగహారము నేర్పవలయును. చట్టమే ఉపాయము చూపుచున్నది. ఆఱు మొదలు ఎనిమిది తరగతులకు విజ్ఞాన గణితముల కొకరు, సాంఘికశాస్త్రమున కొకరు, భాషల కొకరు తక్కువగాకుండ ఉపాధ్యాయు లుండవలయుననియు, ముప్పదియైదుగురు బిడ్డలకు ఒక ఉపాధ్యాయు డుండవలయుననియు విద్యాహక్కు చట్టపు షెడ్యూలు శాసించుచున్నది. మీ యూరిబడిలో అట్లున్నదా? లేనిచో బీజగణితమును దోషిగా నిలబెట్టుటకు ముందు ఖాళీకుర్చీని బోనులో నిలబెట్టుడు. సాధ్యమైనంతవఱకు బోధన బిడ్డ మాతృభాషలో నుండవలయునని 29వ సెక్షను చెప్పుచున్నది. బాలుడు భయపడునది లెక్కకు కాదు. లెక్క వేసికొని వచ్చిన పరాయిభాషకు. చరరాశి, సమీకరణము, సమాసము అను మాటలు మనకు పుస్తకములలో సిద్ధముగ నున్నవి. ఆంధ్రప్రదేశమున 2020నుండి ఒక పుట తెలుగు, ఎదుటిపుట ఇంగ్లీషుగ పాఠ్యపుస్తకములు వెలువడినవి. ఆ తెలుగుపుటను చదివి వినిపించు ఉపాధ్యాయుడు కావలయును. తెలియని రాశిని 'ఎక్స్' అన్నను 'క' అన్నను సమీకరణము కోపపడదు.

నిర్బంధమన్న మా మాటను అపార్థము చేసికొనరాదు. నిర్బంధము బోధించువానిపై గాని బిడ్డవీపుపై కాదు. బీజగణితమున తప్పిన బిడ్డను అదే తరగతిలో కూలవేయుట మా కోరిక కాదు. 2019లో చట్టమును సవరించి ఐదవ, ఎనిమిదవ తరగతులలో బిడ్డలను నిలిపివేయుటకు ప్రభుత్వములకు అధికార మిచ్చిరి. ఆ అధికారమునకు బీజగణితము కత్తి కారాదు. తప్పినవానికి మఱియొకమాఱు చెప్పవలయును; వైద్యుడు రోగము కుదురలేదని రోగిని వెలివేయడు.

మఱియొక వైపునను మాకు ప్రతివాదులు గలరు. ఆఱవ తరగతి బిడ్డను వేకువజామున లేపి, ఐ.ఐ.టి. ఫౌండేషనని పేరుపెట్టి, రాత్రి ప్రొద్దుపోవువఱకు సూత్రములను మింగించు వ్యాపారశాలలు మన పట్టణములలో వీథికొకటి వెలసినవి. బీజగణితమునకు చెడ్డపేరు తెచ్చినవారిలో వీరే అగ్రగణ్యులు. ఏల, ఎట్లు అను ప్రశ్నలను చంపి, కొండగుర్తులను మాత్రమే మిగిల్చిరి. ఒకరు బీదబిడ్డకు వల దనుచున్నారు. ఒకరు ధనికబిడ్డకు అమ్ముచున్నారు. ఈ యిరువురును తమకు తెలియకుండగనే భాగస్వాములు. బడిలో నుచితముగ దొరకని సరకుకే గదా బజారులో ధర పలుకుట!

కడపట మన కర్తవ్యము. ప్రభుత్వమును నిందించి లేచిపోవుట తేలిక. ప్రతి ప్రభుత్వపాఠశాలకు నిర్వాహకసంఘ మొకటి యుండవలయుననియు, అందు ముప్పాతిక మువ్వీసము గాకున్నను ముప్పాతికకు తక్కువగాకుండ తల్లిదండ్రులే సభ్యులుగ నుండవలయుననియు చట్టమున్నది. పట్టణమున చదువుకొన్నవారు ఆ సంఘముల సమావేశములకు పోయి, గణితోపాధ్యాయు డున్నాడా, లేడా యను నొక్క ప్రశ్న నడిగి, జవాబును తీర్మానముగ వ్రాయించి, పైయధికారులకు పంపించిన చాలును; వ్రాతమూలకమైన ప్రశ్నకు కార్యాలయములు ఎప్పటికైన కదలును.

పఠనమందిరములకును ఒక మనవి. 1914లో బెజవాడను ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును స్థాపించిన పెద్దలు గ్రంథాలయమును పత్రికలు చదివి పోవు చావడిగా తలపలేదు. ఊరికంతకు బడిగా తలచిరి. ఈ సంచికను చదువుచున్న బల్లచుట్టు ఆదివారము ఉదయము రెండు గంటలు పదిమంది బిడ్డలను కూర్చుండబెట్టుడు. గుమాస్తా యొకడు, విశ్రాంత ఉపాధ్యాయు డొకడు, కళాశాల విద్యార్థి యొకడు చాలును. పలక యొకటి, సుద్దముక్క యొకటి. మొదటి పాఠమునకు పాఠ్యపుస్తక మక్కఱలేదు. ఆ బిడ్డల యిండ్లలోని అప్పుపత్రమునే తెండు. తెలియని వడ్డీకి ఒక పేరు పెట్టించి, దానిచే నిజము చెప్పింపుడు.

ఆ పొదుపు సంఘపు స్త్రీ పత్రము మడిచికొని పోవుచు మాతో నొక మాట యన్నది: "ఈ లెక్క నా బిడ్డకు బడిలో చెప్పుదురా, బాబూ?" చెప్పుదు రమ్మా యని మేము పలికితిమి. ఆ మాటను నిలువబెట్టుట మన యందఱ వంతు.